శెట్టిగారి చిక్కమగళూరు కాఫీ

మొన్న ఆదివారం నందిగామ చర్చి నుంచి ఇంటికొచ్చి చెప్పులు విప్పానో లేదో, జగ్గయ్యపేట రంగయ్య శెట్టిగారి మనవడు కారేసుకుని దిగాడు. ముప్పై దాటినట్టున్నాడు. గడ్డం నున్నగా కత్తిరించుకుని, చీలమండల పైదాకా ఉన్న పంట్లాం ఒకటి తొడుక్కుని 'నమస్తే మేడమ్' అన్నాడు. పరిటాల ఆంజనేయస్వామి దాటాక హైవే పక్కన కాఫీ హోటలు పెడుతున్నాడట. హోటలంటే ఆ అబ్బాయికి నచ్చలేదు, 'హోటల్ కాదు మేడమ్, కఫే' అని దిద్దాడు. సరే, కఫే. నా చేతిలో ఒక నల్ల ప్యాకెట్ పెట్టాడు. దాని మీద కొండ బొమ్మ, కొండ ఎంత ఎత్తో, గింజలు ఏ తోటలో కోశారో, కింద ఇంగ్లీషులో ఆ కాఫీ తాగితే నాలుక మీద నారింజ తొన, బెల్లం పాకం, వేయించిన బాదం పప్పు తగులుతాయని రాసి ఉంది. ఇన్ని తగిలాక ఇంక కాఫీ ఎక్కడ తగులుతుంది నాయనా అని అడుగుదామనుకుని, ఇంటికొచ్చిన పిల్లాడు కదా అని ఊరుకున్నా. 'చిక్కమగళూరు, మేడమ్. ఒకే తోట గింజ. మా తాతగారు తాగిన కాఫీ ఇదే' అన్నాడు, వాళ్ల తాత ఆ కొండని భుజాన వేసుకొచ్చి పేటలో దింపినట్టు.

అతనొచ్చిన పని రెండు. ఒకటి, వాళ్ల తాతగారి కాఫీ గురించి నేను నాలుగు ముక్కలు రాసిస్తే, వాటిని పెద్దక్షరాల్లో గోడకి తగిలిస్తాడట. 'మీ నాన్నగారు రోజూ మా ఇంట్లో కాఫీ తాగేవారట కదా మేడమ్. ఆ రోజుల్లోనే మా తాతగారికి అలాంటివేం ఉండేవి కాదు' అన్నాడు. అలాంటివంటే ఏమిటో అతను చెప్పలేదు, నేను అడగలేదు. రెండోది, మా ఇంట్లో వాళ్ల ఇంటి గ్లాసు ఒకటి ఉందట. మా నాన్న అభిమానం కొద్దీ గుర్తుగా తీసుకెళ్లారని వాళ్ల నాన్న చెబుతుండేవాడట. అదిస్తే అద్దాల బీరువాలో, కింద చిన్న దీపం పెట్టి, వచ్చిన వాళ్లందరికీ కనిపించేలా ఉంచుతాడట. అభిమానం కొద్దీ అన్న మాట విన్నాక నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు. చూస్తాలే బాబూ అని పంపేశా. అతను వెళ్లాక ఆ పొట్లం వాసన ఇల్లంతా కమ్ముకుంది, దాంతో పాటే జగ్గయ్యపేటా వచ్చి కూర్చుంది.

మా నాన్న దేవదానం మాస్టారు అప్పట్లో పేటలో మిషన్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పేవారు. రంగయ్య శెట్టిగారిది బజారులో టోకు వ్యాపారం. మిరపకాయల నుంచి మేకుల దాకా ఆ కొట్లో దొరకనిది లేదు. కాఫీకి బదులు కాచుకునే చవక చికోరీ పొడి పొట్లాలూ అక్కడే కొనుక్కునేవాళ్లం, మేమే కాదు, ఊళ్లో సగం మంది. ఊరికంతటికీ చికోరీ అమ్మిన ఆ మహానుభావుడు తను మాత్రం దాని వాసన కూడా పడనిచ్చేవాడు కాదు. ఆయనకి చిక్కమగళూరు పీబెరీ, అంటే కాయకి ఒకటే పండే గుండ్రటి గింజ, కావాలి. బెజవాడ నుంచి లారీ మీద గోనెసంచిలో వచ్చేది. దాన్ని వంటావిడ మూకుట్లో వేయిస్తుంటే ఆయన పక్కనే పీట వేసుకుని కూర్చుని, రంగు తిరిగింది, ఇంకాస్త, ఆ చాలు చాలు అని కచేరీలో తాళం వేసినట్టు చెయ్యి ఊపేవాడు. బల్లకి బిగించిన మరలో ఏ పూటకా పూట ఆడించాలి. నిన్నటి పొడి పోస్తే ఇంట్లో ఆ పూట అన్నం లేదు. ఇత్తడి ఫిల్టర్లో డికాక్షన్ దిగుతున్నంత సేపూ ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు. నిజంగానే మాట్లాడకూడదు. తల్లి తద్దినం నాడు కూడా ఆయన అంత భక్తిగా ఉన్నట్టు ఎవరూ చెప్పగా వినలేదు.

ఆ కాఫీ గురించి ఆయన చెప్పే కబుర్లు పేటలో అందరికీ కంఠతా వచ్చు. ఆ గింజ కొండ మీద చెట్ల నీడలో పెరుగుతుంది, ఎండ చూడదు, మంచు తాగి పండుతుంది, పల్లపు గింజకి ఆ వాసన ఏడ్చినా రాదు. ఆయన జన్మలో ఆ కొండ చూసింది లేదు. మునేరు దాటి పెనుగంచిప్రోలు తిరునాళ్లకి వెళ్లొస్తేనే మర్నాడు కొట్టు తెరిచేవాడు కాదు, అంత అలసట ఆయనకి. అయినా ఎవరింటికెళ్లినా కాఫీ ఇస్తే ఒక్క గుక్క తాగి, గ్లాసు కింద పెట్టి, ఇంటామె వైపు జాలిగా చూసేవాడట. ఆ చూపుకి ఏడ్చిన కోడళ్లు కూడా ఉన్నారని మా అమ్మ చెప్పేది. నాలుక ఒక్కటి బాగుంటే మనిషి పెద్దవాడైపోతాడని ఆయన నమ్మకం. ఆయన్ని చూసి ఊళ్లో మరో పదిమంది కూడా అదే నమ్మారు, అదీ ఖర్మ.

మా నాన్న రోజూ సాయంత్రం వాళ్లింటికి వెళ్లేవారు. శెట్టిగారి కొడుకులకి ఇంగ్లీషు చెప్పడం, ఆయనకొచ్చిన ఇంగ్లీషు ఉత్తరాలు చదివి జవాబులు రాయడం పని. దానికి జీతం లేదు, కాఫీ ఉంది. నాన్న వీధి అరుగు మీద కూర్చుంటే పిల్లలు గుమ్మానికి లోపల కూర్చునేవాళ్లు. పాఠం గడప దాటి లోపలికి వెళ్లేది, మాస్టారు దాటకూడదు. అరుగు పక్క గోడలో ఒక గూడు, గూట్లో బోర్లించిన సత్తు గ్లాసు. అది నాన్నది. అంటే నాన్న కొనుక్కున్నది కాదు, నాన్న తాగడానికి పెట్టింది. నాన్నే దాన్ని తీసి పట్టుకుంటే, వంటావిడ గడప మీద నిలబడి, చెంబు తగలకుండా పైనుంచి ధారగా పోసేది. తాగాక తొట్టి దగ్గర తనే కడిగి, మళ్లీ గూట్లో బోర్లించి రావాలి. శెట్టిగారు 'మాస్టారూ' అంటూనే 'నువ్వు' అనేవాడు. ఆ రెండూ ఒకే వాక్యంలో ఇమిడేవి. మాకెవరికీ అది వింతగా ఉండేది కాదు, అంతలా అలవాటైపోయింది.

నాకు ఒళ్లు మండేది శెట్టిగారి మీద కాదు, మా నాన్న మీద. అంత చదువుకున్న మనిషి ఆ గ్లాసెడు కాఫీకి పడి చచ్చేవాడు. ఇంటికొచ్చి చొక్కా కూడా విప్పకుండా, ఇవాళ డికాక్షన్ ఎంత చిక్కగా దిగిందో, పాలు ఎలా కుదిరాయో చెప్పేవాడు. ఆ రుచి పోతుందని అన్నం తినే దాకా మంచినీళ్లు కూడా ముట్టేవాడు కాదు. మా ఇంట్లో కాఫీ అంటే చికోరీ, బెల్లం, పేరుకి కాసిని పాలు. అది చూసి నాన్న మొహం పక్కకి తిప్పుకునేవాడు. అమ్మ పొయ్యి ఊదుకుంటూ 'దిగితే దిగిందిలెండి' అనేది. ఒక్కసారి మాత్రం, నాన్న ఆ కొండల గురించి మొదలెట్టబోతే, 'గ్లాసు ఎవరు కడిగారో అది చెప్పండి ముందు' అంది. నాన్న చొక్కా విప్పి కొక్కేనికి తగిలించాడు. మర్నాడు సాయంత్రం మళ్లీ వెళ్లాడు.

నేను ఎస్సెల్సీ చదువుతున్నప్పుడు శెట్టిగారికి ఒక ఆలోచన వచ్చింది. చిక్కమగళూరు గింజకి జిల్లా ఏజెన్సీ తనే తీసుకోవాలని. ఆ తోట యజమానికి నాన్న చేత ఉత్తరాల మీద ఉత్తరాలు రాయించాడు. అటునుంచి జవాబులు పింటో అన్న సంతకంతో వచ్చేవి. తోట, ఇంగ్లీషు, పింటో అన్న పేరు, ఈ మూడూ చూసి శెట్టిగారు ఆయన తెల్లదొర అనుకున్నాడు. స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి అన్నేళ్లయినా ఆ మాట తలుచుకుంటే ఆయన మొహం వెలిగిపోయేది. కొన్నాళ్లకి, బెజవాడ నుంచి హైదరాబాదు వెళ్తూ దారిలో పేటలో ఆగుతానని ఆ దొర రాశాడు. ఇంటికి సున్నాలు వేయించారు. వెండి గ్లాసులు కొబ్బరి పీచుతో తోమించారు. దుబాసీ పనికి నాన్న రావాలి కదా.

ఆ వేళ నాన్న హడావుడి చూడాలి. గంజి పెట్టిన పంచె, మేము పుట్టక ముందు పెళ్లికి కుట్టించిన కోటు. అసలు దొరల ఇంగ్లీషు వింటే నాకూ వస్తుందని నన్నూ బయల్దేరమన్నాడు. గుమ్మంలో నిలబడి, దాచుకోలేక, అమ్మతో చెప్పేశాడు. పింటో అంటే తెల్లవాడు కాదు, మంగళూరు వైపు క్రైస్తవులకి అలాంటి పేర్లుంటాయి, శెట్టిగారికి ఆ సంగతి తెలీదు. 'మనవాడే సుగుణా. మనవాడొస్తున్నాడు వాళ్లింటికి. ఇవాళ నన్ను లోపలికి పిలుస్తారు చూడు' అన్నాడు. అమ్మ కోటు భుజం మీద దుమ్ము దులిపి, పిలిస్తే వెళ్లండి అంది. దారి పొడుగునా నాన్న పెదాలు కదుపుతూ ఏదో ఇంగ్లీషు వాక్యం సర్దుకుంటున్నాడు. అంత పెద్దమనిషి ఒక గడప దాటడం కోసం అలా తయారవుతుంటే నాకు సిగ్గేసింది. పిలవాలి, పిలవాలి అని లోపల నేనూ కోరుకుంటూనే ఉన్నా.

కారు ఆగింది. అందులోంచి పక్కనున్న వత్సవాయి రైతులకంటే ఒక ఛాయ నల్లగా ఉన్న మనిషి, సూటు టోపీలతో దిగాడు. శెట్టిగారు దండ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. వెనకాల ఇంకెవరైనా దిగుతారేమోనని కారులోకి తొంగి చూశాడు కూడా. ఎవరూ దిగలేదు. చేసేదేం లేక దండ వేసి, హాల్లో గుమ్మానికి దగ్గరగా కుర్చీ వేయించాడు. నాన్నకి గుమ్మానికి ఇవతల, అరుగు మీద, స్టూలు. మధ్యలో గడప. నేను మెట్టు మీద. శెట్టిగారికి పాపం ఊపిరాడటం లేదు, ముందు తేలాల్సిన సంగతి ఒకటుంది. 'వారిదేమిటో కనుక్కో మాస్టారూ' అన్నాడు. నాన్న వీలైనంత మర్యాదగా ఇంగ్లీషులోకి మార్చి అడిగాడు. పింటో దొర నవ్వి, మా ముత్తాతల ముత్తాతలు బ్రాహ్మణులు, తర్వాత చర్చిలో కలిశాం, కానీ ఇప్పటికీ మా సంబంధాలన్నీ మాలో మాకే అన్నాడు. నాన్న అది తెలుగులో చెప్పాడు. శెట్టిగారి మొహంలో రక్తం మళ్లీ నడిచింది. 'అనుకున్నా. ఆ కళే వేరు' అని లోపలికి కేకేసి వెండి గ్లాసు తెప్పించాడు.

తర్వాత చాలాసేపు కాఫీ పురాణం నడిచింది. ఎంత ఎత్తులో నాటాలి, పైన నీడకి ఏ చెట్లుండాలి, వాటికి మిరియాల తీగ ఎలా పాకించాలి, పండు ఎర్రబడగానే ఎలా కోయించాలి. దొర చెబుతుంటే నాన్న అనువదిస్తున్నాడు. శెట్టిగారు కళ్లు మూసుకుని వింటున్నాడు. నాన్న ఇంగ్లీషు ఆ రోజు ఎంత బాగుందో చెప్పలేను. అప్పుడు కాఫీ వచ్చింది. దొరకి వెండి గ్లాసులో, వెండి పళ్లెంలో. తర్వాత వంటావిడ చెంబుతో గడప మీదకొచ్చి నిలబడింది. నాన్న ఒక్క క్షణం కదల్లేదు. శెట్టిగారి వైపు చూశాడు. శెట్టిగారు దొర గుక్క వేస్తున్నాడా లేదా అని అటే చూస్తున్నాడు. నాన్న లేచి, కోటు చెయ్యి పైకి లాక్కుని, గూట్లో గ్లాసు తీసి పట్టుకున్నాడు. ఆవిడ పైనుంచి పోసింది.

దొర అదంతా చూశాడు. గ్లాసు చూశాడు, గూడు చూశాడు. మెల్లిగా ఇంగ్లీషులో నాన్న పేరడిగాడు. నాన్న చెప్పి, నేనూ క్రైస్తవుణ్ణేనండీ, మీలాగే అన్నాడు. దారి పొడుగునా సర్దుకున్న వాక్యం అదే అయ్యుంటుంది. దొర తల పంకించాడు. తెలియక కాదు, అంతా తెలిసే పంకించాడు. కాఫీ ఇంకో గుక్క తాగి, ఓదార్పుగా, ఎంతో దయగా అన్నాడు. ఇంగ్లీషులో అన్నా నాకు ముక్క ముక్కా అర్థమైంది.

'బాధపడకు మాస్టారూ. మా వైపు చర్చిలోనూ మీవాళ్లకి బెంచీలు వేరే. ఎక్కడి పద్ధతి అక్కడిది.'

శెట్టిగారు ఆత్రంగా ముందుకి వంగాడు. 'ఏమంటున్నారు? ఏమంటున్నారు మాస్టారూ?'

నాన్న చేతిలో గ్లాసు పొగలు కక్కుతోంది. దాని వంకే చూస్తూ, 'కాఫీ చాలా బాగుందంటున్నారండీ' అన్నాడు.

కొండల మంచు తాగిన గింజ, ఇంతమంది ఇంత భక్తితో కాచుకున్న గింజ, ఆ ఇద్దరు పెద్దమనుషుల్లో ఒక్కడికీ రవ్వంత బుద్ధి తేలేకపోయింది. ఇద్దరికిద్దరూ సరిపోయారు. నాలుకలు మాత్రం చాలా సున్నితం.

నాన్న ఆ కాఫీ పారబోయలేదు, చుక్క మిగలకుండా తాగాడు. ఎప్పట్లాగే తొట్టి దగ్గరికెళ్లి గ్లాసు కడిగాడు. గూటి దగ్గర ఆగాడు. ఆగి, దాన్ని బోర్లించకుండా, చేత్తో పట్టుకునే మెట్లు దిగాడు. లోపల వాళ్లు ఏజెన్సీ సంగతుల్లో ఉన్నారు, ఇక దుబాసీ లేకుండా ఎలా మాట్లాడుకున్నారో నాకు తెలీదు. నాన్న కోటు వేసుకుని, సత్తు గ్లాసు పట్టుకుని, బజారంతా నడిచాడు. పలకరించిన వాళ్లకి నమస్కారం పెట్టాల్సొస్తే గ్లాసుతోనే పెట్టాడు. ఇంటికొచ్చాక అమ్మ గుమ్మంలోనే, పిలిచారా అని అడిగింది. నాన్న గ్లాసు ఆమె చేతికిచ్చి, కాఫీ పొయ్యి అన్నాడు. అమ్మ మరో మాట అడక్కుండా చికోరీ, బెల్లం వేసి కాచి దాంట్లో పోసిచ్చింది. నాన్న ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. 'ఘోరంగా ఉందే' అన్నాడు. అమ్మ చూస్తూ ఉంది. మొత్తం తాగేసి గ్లాసు మళ్లీ చాపాడు. 'ఇంకాస్త పొయ్యి.'

మర్నాడు నాన్న వెళ్లలేదు. ఆ తర్వాతా వెళ్లలేదు. అప్పుడు బజార్లో పుకారు లేచింది, మాస్టారు శెట్టిగారింట్లో గ్లాసు ఎత్తుకుపోయాడని. స్కూల్లో తోటి పంతుళ్లు నాన్న ముందు గ్లాసు అన్న మాట రాకుండా జాగ్రత్తపడేవాళ్లు, అది మరీ హింస. కొన్నాళ్లకి శెట్టిగారి గుమాస్తా వీరభద్రం మా గుమ్మంలోకొచ్చి నిలబడ్డాడు. అయ్యగారు గ్లాసు తెమ్మన్నారమ్మా అన్నాడు. నాన్న లోపల మంచం మీద నుంచి లేవబోతే అమ్మ చేత్తో ఆపింది. గ్లాసు తెచ్చి, గుమాస్తా ముందు చాపి పట్టుకుంది.

'ఇదిగో. పట్టుకెళ్లు నాయనా' అంది. 'మేం తాగిన గ్లాసు. చేత్తో పట్టుకుని బజార్లోంచి తీసుకెళ్లు.'

వీరభద్రం చెయ్యి సగం లేచి అక్కడే ఆగిపోయింది. మా వాళ్లు తాగిన గ్లాసు ముట్టుకుంటే ఆ ఇంటి గడప ఎక్కనివ్వరు. ముట్టుకోకుండా తీసుకెళ్లడం ఎలాగో శెట్టిగారు చెప్పి పంపలేదు. అంతోటి వ్యాపారస్తుడికి ఆ ఒక్క లెక్క తట్టలేదు. పాపం గుమాస్తా గ్లాసు వంకా, అమ్మ వంకా చూసి, మంచినీళ్లు కూడా అడక్కుండా వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం మా నాన్న నవ్విన నవ్వు వీధి చివరి దాకా వినిపించింది. మళ్లీ ఎవరూ రాలేదు. ఎండాకాలం సెలవుల్లో నాన్న బదిలీ పెట్టుకుని నందిగామ స్కూలుకి మారాడు. బియ్యం మూట మీద పెట్టుకుని అమ్మ ఆ గ్లాసు బస్సులో తెచ్చింది. అప్పట్నుంచీ మా ఇంట్లో బియ్యం కొలిచింది దాంతోనే. నాన్న చనిపోయే దాకా చికోరీ కాఫీయే తాగాడు, ప్రతి పూటా ఘోరంగా ఉందన్నాడు.

ఇప్పుడు రోజులు మారాయంటారు. మారాయి, కాదన్ను. పేటలో ఆ ఇల్లు పడగొట్టి సెల్‌ఫోన్ల కొట్టు కట్టారు, అరుగూ లేదు గూడూ లేదు. మనవడి కఫేలో ఎవరైనా కూర్చోవచ్చు, అందరికీ ఒకటే కాగితం గ్లాసు, తాగి పారేయడమే. కానీ ఆ పిల్లాడు గింజ పుట్టిన కొండ ఎత్తు ఎంతో చెబుతుంటే, ఆ కళ్లు మూసుకునే తీరులో నాకు తాతే కనిపించాడు. కొండ సంగతి అంతా తెలుసు, నారింజ తొన సంగతి తెలుసు, సొంత అరుగు సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు, తను అడగనూ లేదు. ఎత్తుకుపోయాడన్న గ్లాసు అభిమానం కొద్దీ తీసుకెళ్లిన గ్లాసయింది. ఇంకో తరం ఆగితే వాళ్ల తాతే నాన్నకి బహుమానంగా ఇచ్చాడంటారు.

నిన్న ఫోన్ చేశాడు. 'ఆ నాలుగు ముక్కలూ రాశారా మేడమ్? గ్లాసు కోసం మనిషిని పంపించనా?' అన్నాడు. మనిషిని పంపడం ఆ వంశానికి ఇంకా పోలేదు. మనిషెందుకు బాబూ, నువ్వే రా అన్నా. వచ్చి, నువ్విచ్చిన పొడితోనే కాఫీ పెడతా, మా నాన్న గ్లాసులో ఒక్కసారి తాగు, తర్వాత నీ అద్దాల బీరువాలో పెట్టుకుందువు గాని అన్నా. అబ్బాయి మర్యాదగానే అన్నాడు, 'అది పాత సత్తు కదా మేడమ్, అందులో తాగడం ఆరోగ్యానికి మంచిది కాదంటారు. చూడ్డానికైతే బాగుంటుంది.' నిజమే అయ్యుండొచ్చు. డాక్టర్లూ అదే అంటున్నారు. వీరభద్రం చెయ్యి మాత్రం నా కళ్ల ముందు సగంలో ఆగింది.

నాలుగు ముక్కలు రాయమన్నాడు కాబట్టి ఇదంతా రాశా. గోడకి సరిపోతే తగిలించుకోమనండి. దొర అన్న ఆ మాట ఇన్నేళ్ల తర్వాత తెలుగులోకి వచ్చింది, శెట్టిగారు వినడానికి లేడు, మనవడైనా వింటాడు. గ్లాసు నా దగ్గరే ఉంది. ఇవాళ పొద్దున బియ్యప్పిండి దులిపి, కడిగి, ఆ నల్ల ప్యాకెట్ కత్తిరించి, డికాక్షన్ దించి, దాంట్లోనే పోసుకుని గుమ్మంలో కూర్చుని తాగా. నారింజ తొన తగల్లేదు, బాదం పప్పూ తగల్లేదు. అబద్ధం చెప్పలేను, నాన్నా. కాఫీ చాలా బాగుంది.